చెక్కడాల లోలకం గడియారం: కొనేముందు చూడాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పాత మిద్దె ఏదైనా కూలుస్తున్నారంటే తలుపులు, దూలాలు, స్తంభాలతో పాటు ఒక్కోసారి గోడ గడియారం కూడా బయటికొస్తుంది. పైన కిరీటం, రెండు పక్కలా సన్నటి స్తంభాలు, కింద గుమ్మటంలాంటి మొగ్గ, అద్దం వెనక ఇత్తడి లోలకం. అమ్మేవాళ్లు చెక్కడం చూపించి ధర చెప్తారు. సేకరణ చేసేవాళ్లు ధర కట్టాల్సింది చెక్కడానికి కాదు. పెట్టె, మిషను, డయలు, లోలకం ఈ నాలుగూ మొదటినుంచీ కలిసి ఉన్నవేనా అన్నదానికి. చెక్కడం మళ్లీ చేయించుకోవచ్చు. విడిపోయిన జోడీని మాత్రం మళ్లీ కలపలేం.

1. ముందు ఏ ఊరిదో తెలుసుకోండి

మనవైపు కనిపించే పాతవి ఎక్కువగా జర్మనీ, అమెరికా, జపాన్ కార్ఖానాలవి. మిషను వెనక పలక మీద గుర్తు ఉంటుంది. లోలకం తీసి, టార్చి వేసి, ఫోన్‌తో ఫొటో తీసుకుంటే స్పష్టంగా చదవొచ్చు.

లంగరు బొమ్మతో జీ, బీ అక్షరాలుంటే గుస్తావ్ బెకర్. ఆ కార్ఖానా సైలీషియాలోని ఫ్రైబుర్గ్‌లో ఉండేది. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, జర్మనీ దక్షిణాన ఉన్న ఫ్రైబుర్గ్ వేరు. దాని మిషన్ల మీద వరుస సంఖ్య ఉంటుంది. 1875 ప్రాంతానికి అది లక్షకు, 1892 ప్రాంతానికి పది లక్షలకు చేరింది కాబట్టి సంఖ్య చూసి సుమారు ఏడు చెప్పొచ్చు. ఎనిమిది కొనల నక్షత్రం యుంగ్‌హాన్స్‌ది. దాని దగ్గర ఏ లేదా బీ అక్షరం, పక్కన రెండంకెలు ఉంటే ఆ అంకెలు తయారైన ఏడాదివి, అక్షరం ఏడాదిలో మొదటి సగమో రెండో సగమో చెప్తుంది. ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రెండు బాణాలు హాంబర్గ్ అమెరికన్ కంపెనీవి. జపాన్ వాటిలో సైకోషా ముఖ్యమైనది. 1892లో టోక్యోలో మొదలైన ఆ కార్ఖానా మొట్టమొదట చేసింది గోడ గడియారాలే.

లోలకం మధ్యలో ఆర్, ఏ అక్షరాలున్న బిళ్ల చూపించి అదే కంపెనీ పేరని చెప్తుంటారు. కాదు. చాలా జర్మన్ కార్ఖానాలు అలాంటి లోలకాలే వాడాయి.

డయలు మీది మాటలూ కాలం చెప్తాయి. 'మేడిన్ జర్మనీ' అన్న ముద్ర 1887లో బ్రిటన్ చేసిన సరుకు ముద్రల చట్టం తర్వాత వాడుకలోకి వచ్చింది. 1870 నాటిదని చెప్పే గడియారం మీద అది ఉంటే నమ్మొద్దు. 'మేడిన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 దాకా జపాన్ అమెరికా సేనల ఆక్రమణలో ఉన్న ఏళ్లలోనిది. అన్సోనియా అన్న అమెరికన్ కంపెనీ తన యంత్రాలను 1929లో సోవియట్ రష్యాకు అమ్మేసింది. ఆ పేరుతో ఇత్తడి కొత్తగా మెరుస్తుంటే అది పేరొక్కటే.

డయల్లో నాలుగు అంకెను నాలుగు నిలువు గీతలుగా వేసి ఉండటం తప్పు కాదు, నకిలీ గుర్తూ కాదు. రోమన్ అంకెల గడియారాల్లో అదే ఆనవాయితీ.

2. తలుపు తీశాక చూడాల్సినవి

టార్చి, భూతద్దం, చిన్న రసమట్టం, టేపు దగ్గర పెట్టుకోండి. కొనేముందు అరగంట సమయం అడగండి. అరగంట ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు.

మొదట వెనక చెక్క. నూరేళ్ల చెక్క లోపలివైపు ఎగుడుదిగుడుగా నల్లబడుతుంది. గాలి తగిలినచోట ముదురుగా, డయలు వెనక లేతగా ఉంటుంది. అంతా ఒకే రంగులో ఉంటే రంగు పూశారన్నమాట. ప్లైవుడ్ పొరలు అంచుల్లో కనిపిస్తే ఆ పలక తర్వాత వేసిందే. స్క్రూ తలలు చూడండి: పాతవాటికి ఒకే గాడి ఉంటుంది. కూడిక గుర్తు గాడి 1930ల తర్వాతిది. ఒకటి రెండు మారి ఉంటే రిపేరు అనుకోవచ్చు, అన్నీ అవే అయితే పెట్టె కొత్తది.

ఆ తర్వాత మిషను కూర్చున్న చోటు. అక్కడ వాడని స్క్రూ రంధ్రాలు, పూడ్చిన మచ్చలు, మరో ఆకారం నీడ ఉన్నాయంటే పాత మిషను తీసి ఇంకోటి బిగించారు. డయల్లో కీ రంధ్రాల మధ్యలోకి లోపలి ఇరుసులు సరిగ్గా రావాలి. ఒక అంచుకు ఆనుతున్నా, రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసినట్టున్నా డయలు వేరే గడియారానిది. లోలకం బిళ్ల అద్దం కిటికీకి మధ్యలో ఊగాలి, పెట్టె అడుగుకు తగలకూడదు. పొట్టి పెట్టెలో పొడుగు లోలకాన్ని కత్తిరించి ఇరికించిన గడియారం ఎప్పటికీ సరైన టైము చూపించదు.

ఇక మిషను. పళ్ల చక్రాల ఇరుసులు పలకల్లోని రంధ్రాల్లో తిరుగుతాయి. ఏళ్ల తరబడి మురికి నూనెలో తిరిగితే రంధ్రం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పరీక్ష ఇలా: కీ ఒక చుట్టు ఇచ్చి, దాన్ని మెల్లగా ముందుకు వెనక్కు ఆడిస్తూ పలక మీది ఇరుసు మొనల్ని భూతద్దంతో చూడండి. మొన తిరగకుండా పక్కకు జరుగుతుంటే, ఆ జరుగుడు మొన లావులో మూడోవంతుకు మించితే, అక్కడ బుష్ (అరిగిన రంధ్రంలో కూర్చోబెట్టే చిన్న ఇత్తడి గొట్టం) వేయించక తప్పదు. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. రంధ్రం చుట్టూ పంచ్‌తో పొడిచిన చుక్కలుంటే ఎవరో ఇత్తడిని నొక్కి రంధ్రం బిగించారు. అది రెండేళ్లు కూడా నిలవని రిపేరు, తర్వాత బుష్ వేయడాన్నీ కష్టం చేస్తుంది.

'కీ ఎక్కువ తిప్పేశారు, అందుకే ఆగింది' అన్నమాట ప్రతి చోటా వినిపిస్తుంది. బాగున్న స్ప్రింగు పూర్తిగా చుట్టినంత మాత్రాన గడియారం ఆగదు. నిండా కీ ఇచ్చినా నడవట్లేదంటే నూనె ఎండి బంకైంది, లేదా ఇరుసు బిగుసుకుంది, లేదా స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి.

కిరీటం, మొగ్గలు పోయి ఉండటం మామూలే. చాలా గడియారాల్లో కిరీటం తీసి పెట్టుకునేలా ఉంటుంది, ఇల్లు మారినప్పుడు అదే పోతుంది. ఒక మొగ్గ మిగిలి ఉంటే దాన్ని నమూనాగా ఇచ్చి రెండోది చేయించుకోవచ్చు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కళాకారుల చేతిలో ఇలాంటి సన్నటి పని ఒదుగుతుంది. కొత్త ముక్క కనపడని వైపు చేయించిన ఏడాది రాయించండి. రేపు ఆ గడియారం కొనేవాళ్లు మోసపోకూడదు.

3. దించి, ఇంటికి తేవడం

దారిలో పాడయ్యే గడియారాలు ఎక్కువగా ఒకే తప్పు వల్ల పాడవుతాయి: లోలకం తీయకపోవడం. లోలకం పైన దాదాపు 0.1 మిల్లీమీటరు మందం ఉక్కు రేకుకు వేలాడుతుంది. ఆటోలో ఒక గుంత చాలు, రేకు మడత పడుతుంది.

వరుస ఇది. లోలకాన్ని ఒక చేత్తో పట్టి కొద్దిగా పైకెత్తి కొక్కెం నుంచి తప్పించండి. బరువులతో నడిచేదైతే బరువులు తీసి, ఏది ఏ వైపుదో కాగితం అంటించండి. గంట సుత్తికి, గంట చుట్టకు (సుత్తి తగిలితే మోగే ఉక్కు తీగ చుట్టకు) మధ్య మెత్తటి గుడ్డ పెట్టండి. లోలకం లేకపోతే మిషను టకటకా పరిగెత్తుతుంది, అందుకే లోలకాన్ని నెట్టే కాడ పక్కన మడిచిన కాగితం దోపి ఆపండి. కిరీటం, మొగ్గలు విడిగా చుట్టండి. కీని తలుపుకు లోపల టేపుతో అంటించకండి, పాలిష్ లేచిపోతుంది. జేబులో వేసుకోండి. పెట్టె నిలువుగానే ప్రయాణం చేయాలి.

4. గోడ

బాత్‌రూము అవతలి గోడ, వంటింటి పొగ తగిలే గోడ, మధ్యాహ్నం ఎండ పడే గోడ వద్దు. వాకిలి తలుపు దబ్బున వేస్తే అదిరే గోడా వద్దు. ఏసీ గదిలో పెడితే ఇంకో చిక్కు: ఏసీ ఆపి తలుపు తీయగానే బయటి తేమ గాలి చల్లటి ఇత్తడి మీద నీరవుతుంది. హాలే మేలు.

స్ప్రింగు గడియారం సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది కిలోలు తూగుతుంది, బరువులవి ఇంకా ఎక్కువ. ఇటుకలోకి 60 మిల్లీమీటర్లు దిగే 8 మిల్లీమీటర్ల స్క్రూ వేయండి. ఇటుకల మధ్య సందులో వద్దు. గానుగ సున్నం గార ఉన్న పాత గోడల్లో పైపొర మెత్తగా రాలుతుంది, గార మందం కొలిచి అంత పొడుగు పెంచండి. పెట్టె వెనక కింది మూలల్లో చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకు, చెక్కకు మధ్య గాలి ఆడుతుంది. చెదలు ముందు పట్టేది గోడకు అంటిన చెక్కనే.

5. టిక్, టాక్ సమం చేయడం

కొన్న గడియారం నడవట్లేదని రిపేరుకు తీసుకెళ్లేవాళ్లలో చాలామందికి అసలు రిపేరే అక్కర్లేదు. టిక్‌కూ టాక్‌కూ మధ్య వ్యవధి సమంగా ఉండాలి, అంతే. 'టిక్‌టాక్...... టిక్‌టాక్' అని కుంటుతుంటే లోలకం ఒకవైపు ఎక్కువ దూరం పోయి, రెండోవైపు చక్రం పన్నును విడిపించేంత దూరం పోవట్లేదు. తోపు అందక కాసేపటికి ఆగిపోతుంది.

గడియారం తగిలించి, రెండు మూడు చుట్లు కీ ఇచ్చి, లోలకాన్ని కొద్దిగా పక్కకు తీసి వదలండి. కళ్లు మూసుకుని వినండి. ఇప్పుడు పెట్టె కింది భాగాన్ని ఎడమకో కుడికో కొద్దికొద్దిగా జరపండి. ఒకచోట చప్పుడు సమమవుతుంది. రసమట్టంతో చూడండి. అక్కడ పెట్టె నిటారుగానే ఉంటే అదృష్టం, పెట్టెను గోడకు పట్టే కింది స్క్రూలు బిగించి, పెట్టె అంచున గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. రేపు తుడిచేటప్పుడు జరిగినా ఆ గీతకు తెస్తే చాలు.

వంకరగా ఉన్నప్పుడే సమంగా పలుకుతుంటే, లోపల లోలకాన్ని నెట్టే కాడను సరిచేయాలి. సూత్రం ఇది: సమం చేయడానికి పెట్టె కిందిభాగాన్ని ఎటు జరపాల్సి వచ్చిందో, కాడను అటే వంచాలి. ముందు లోలకం తీయండి. కాడ పైభాగాన్ని ఒక వేలితో గట్టిగా పట్టుకుని, కింది కొనను అర మిల్లీమీటరు మాత్రమే వంచండి. పైన పట్టుకోకుండా వంచితే బలమంతా చక్రం పళ్ల మీద పడి, పన్ను వంగుతుంది. వంచారు, లోలకం తగిలించారు, విన్నారు, మళ్లీ వంచారు. ఐదారుసార్లు పడుతుంది. తొందరపడితే ఇక్కడే గడియారం చెడుతుంది.

లోలకం ఊగుతూ గిలగిలా మెలికలు తిరుగుతుంటే పై రేకు మడతపడింది. దాన్ని సాపు చేయాలని చూడొద్దు, అదే పొడవు, అదే మందంలో కొత్తది వేయించండి.

బరువుల గడియారం ప్రతి వారం దాదాపు ఒకే రోజు ఆగిపోతుంటే మిషను అనుమానించకండి. దిగుతున్న బరువు లోలకం పొడవుకు దగ్గరైనప్పుడు అది కూడా లోలకంతోపాటు ఊగడం మొదలుపెట్టి, లోలకం బలాన్ని తినేస్తుంది. పెట్టె గోడకు కదలకుండా బిగిస్తే చాలు.

6. వేగం

లోలకం కింది నట్టు పైకి బిగిస్తే గడియారం ముందుకు పోతుంది, వదులు చేస్తే వెనకపడుతుంది. దాదాపు 25 సెంటీమీటర్ల లోలకం నిమిషానికి 120 టిక్కులు కొడుతుంది. అందులో పొడవు 0.35 మిల్లీమీటరు మారితే రోజుకు ఒక నిమిషం తేడా వస్తుంది. నట్టు ఒక చుట్టుకు అర మిల్లీమీటరు కదిలేదైతే, ఒక చుట్టుకు రోజుకు సుమారు ఒకటిన్నర నిమిషం. ఫోన్ టైముతో 24 గంటల తేడా రాసుకుని, ఈ లెక్కన తిప్పండి. నట్టు తిప్పేటప్పుడు బిళ్లను పట్టుకోవాలి, లేకపోతే పై రేకు మెలిపడుతుంది.

స్ప్రింగు నిండా ఉన్నప్పుడు, చివర్లో ఉన్నప్పుడు వేగం ఒకేలా ఉండదు. రోజు తేడా కాదు, వారం తేడా చూసి సరిచేయండి. కీ కూడా వారంలో ఒకే రోజు, ఒకే వేళకు ఇవ్వండి. కీ బిగువుగా కూర్చోవాలి. వదులు కీ ఇరుసు మూలల్ని గుండ్రం చేస్తుంది. ఎడమ రంధ్రం గంటలది, కుడిది టైముది అయివుంటుంది ఎక్కువగా. ఏ వైపు తిరుగుతుందో బలవంతం చేయకుండా చూసుకోండి. కొన్నింటిలో రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి.

మన వేసవి లోలకాన్ని సాగదీస్తుంది. డిసెంబరు రాత్రి 20 డిగ్రీలకు, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకు తేడా వేసుకుంటే ఉక్కు కాడ ఉన్న లోలకం రోజుకు పది సెకన్లు, ఇత్తడి కాడ ఉన్నది పదహారు సెకన్లు వెనకపడుతుంది. అంటే వారానికి ఒకటి రెండు నిమిషాలు. చెక్క కాడ వేడికి అంత మారదు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం మొదట్లో, వానలు వెళ్లాక, నట్టు సరిచేస్తే సరిపోతుంది. రోజూ తిప్పకండి.

7. గంటలు

అరగంటకు ఒకటి కలిపి రోజుకు 180 సార్లు సుత్తి పడుతుంది. గంటలు లెక్కపెట్టే పద్ధతులు రెండు. ఒకదాంట్లో అంచున దూరం పెరుగుతూ పోయే గాడులున్న లెక్క చక్రం ఉంటుంది. అది చిన్నముల్లుతో సంబంధం లేకుండా తన వరుసలో కొట్టుకుంటూ పోతుంది. అందుకే గంటల స్ప్రింగు ముందు అయిపోతే నాలుగింటికి ఏడు కొడుతుంది. మిషను కింద సన్నటి తీగ ఉంటే దాన్ని పైకెత్తి వదులుతూ, ముల్లుతో కలిసేదాకా కొట్టించండి. రెండో పద్ధతిలో నత్తగుల్ల ఆకారపు పలక చిన్నముల్లుతోనే తిరుగుతుంది. అక్కడ తేడా వస్తే చిన్నముల్లు తన గొట్టం మీద జారిందని అర్థం. దాన్నే మెల్లగా కొట్టిన అంకెకు తిప్పండి.

ముళ్లు ఎప్పుడూ ముందుకే తిప్పాలి. ప్రతి అరకూ ఆగి, కొట్టడం అయ్యాకే కదపండి. పన్నెండు దాటించి వెనక్కి తిప్పితే లోపలి తీగలు వంగుతాయి.

గంట చిరచిరమంటుంటే సుత్తి చుట్టకు ఆనుకుంటోంది. కొట్టాక రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగేలా సుత్తి కాడను వంచండి. గొంతు కీచుగా ఉంటే సుత్తి మీది తోలు రాయి అయింది, కొత్త తోలు ముక్క వేస్తే పాత మోత తిరిగొస్తుంది.

8. నూనె: మనవైపు ఎక్కువ గడియారాలు చెడేది ఇక్కడే

కొబ్బరినూనె వద్దు. చలికి గడ్డకట్టి, తర్వాత బంకై, ఇత్తడిని పచ్చబరుస్తుంది. కుట్టుమిషను నూనె పలచగా పారిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు ఆవిరై జిగురు మిగులుస్తాయి. పెట్టె అడుగున కిరసనాయిలు దూది పెట్టడం పాత అలవాటు. అది నూనెను కరిగిస్తుంది తప్ప మిషను శుభ్రం చేయదు. గడియారాల కోసమే చేసిన సింథటిక్ నూనె చిన్న సీసా కొనండి, ఏళ్లు వస్తుంది.

మురికి మీద కొత్త నూనె వేయడం ఇసుకతో రుద్దినట్టే. రంధ్రాల చుట్టూ నల్లటి లేదా పచ్చటి ముద్ద కనిపిస్తే నూనె వేయకండి, ముందు విప్పి కడిగించాలి. శుభ్రంగా ఉంటేనే వేయండి. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి తీసుకోండి. రెండు పలకల మీదా ఇరుసు మొన చుట్టూ చిన్న గుంత ఉంటుంది. అది సగం నిండితే చాలు. గంటల గడియారంలో అలాంటివి ఇరవైకి పైగా ఉంటాయి, అన్నిటికీ కలిపి నాలుగు గీతలు, అంటే 0.1 మిల్లీలీటరు, దాటదు. టిక్‌టాక్ చేసే లంగరు ముక్క రెండు కొనలకూ చిన్న తడి పెట్టండి. చక్రాల పళ్లకు మాత్రం నూనె వద్దు, దుమ్ము పట్టి అరిగిపోతాయి. గుంత నిండిపోతే నూనె పలక మీదికి జారి, రంధ్రంలో ఉన్నదాన్నీ లాక్కుపోతుంది. ఎక్కువ వేయడం, వేయకపోవడం రెండూ ఒకటే.

మూడు నాలుగేళ్లకోసారి నూనె, ఎనిమిది పదేళ్లకోసారి పూర్తిగా విప్పి కడగడం. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఏటా వానలు వెళ్లాక ఒకసారి తలుపు తీసి చిలుము, తుప్పు చూడండి. ఉప్పుగాలి ముందు పట్టేది ఉక్కునే: లోలకం రేకు, గంట చుట్ట, స్క్రూ తలలు.

స్ప్రింగు బిగువు వదలకుండా మిషను విప్పడం మాత్రం ప్రమాదం. ఒక్కసారిగా విడితే వేళ్లు చీలుతాయి, చక్రాల పళ్లు ఊడతాయి. అలవాటు లేనివాళ్లు ఇక్కడ ఆగిపోవాలి. రిపేరు చేసేవాళ్లకు ఇచ్చేటప్పుడు అడగండి: మొత్తం విప్పుతారా, లేక అలాగే పెట్రోల్లో ముంచుతారా? ముంచితే పైపై మురికి పోతుంది, రంధ్రాల్లోది ఉంటుంది, స్ప్రింగులోని నూనె మొత్తం కడిగేసుకుపోతుంది. మార్చిన పాత ముక్కలు తిరిగి ఇవ్వమనండి. వాటిని పెట్టెతోనే దాచాలి.

9. పెట్టె, ఇత్తడి

పాత పాలిష్ ఎక్కువగా లక్కది. కనపడని చోట దూదికి స్పిరిట్ చుక్క వేసి తాకిస్తే మెత్తబడి అంటుకుంటుంది. అలాంటి పెట్టెకు టచ్‌వుడ్, పెయింటు వేస్తే సేకరణ విలువ పోతుంది. మెత్తటి పొడిగుడ్డ, ఏడాదికోసారి పలచగా మైనం, అంతే. అతుకులు జంతువుల తోలు, ఎముకలతో చేసిన జిగురువి కాబట్టి తడిగుడ్డ పెట్టొద్దు. నీటికి కరిగి స్తంభాలు ఊడతాయి.

ఒడ్డు ఊళ్లో యాభై ఏళ్లున్న గడియారాన్ని కనిగిరి, మార్కాపురం లాంటి పొడి ఎండల ఊరికి తెస్తే పై వెనీర్ (పెట్టె మీద అతికించిన పలచటి చెక్క పొర) ముడుచుకుని చీలుతుంది. ఆ మార్పు వానల చివర్లో చేయండి. మొదటి నెల ఫ్యాను, కిటికీలకు దూరంగా ఉంచండి. రంధ్రాల కింద సన్నటి చెక్కపొడి రాలుతుంటే పురుగు బతికే ఉంది. ఆ గడియారాన్ని మిగతా చెక్క సామాను నుంచి వేరు చేశాకే మందు సంగతి చూడండి.

బిందె తోమినట్టు చింతపండుతో లోలకం తోమడం మానండి. పాత లక్కపూత లేచిపోతుంది, నగిషీ సందుల్లో మిగిలిన పులుపు నెలలోపు పచ్చబడుతుంది. పింగాణీ డయలును తడి పిండేసిన గుడ్డతో తుడవొచ్చు, కాగితం లేదా రంగు డయలును పొడి బ్రష్‌తో మాత్రమే. అలలు, బుడగలున్న అద్దాన్ని కొత్తదానితో మార్చకండి. ఆ అలలే దాని వయసు.

నూరేళ్లు దాటిన చారిత్రక విలువ గల వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో తగిలించుకోవడానికి భయం లేదు. విదేశంలోని పిల్లలకు పంపాలంటే మాత్రం ముందు పురావస్తు శాఖను అడిగి, అది పురావస్తువు కాదన్న పత్రం చేతికొచ్చాకే కట్టండి.